పాత కారు యంత్రమునకు తగిన కార్బ్యురేటరు

(పాఠశాల విజ్ఞాన సభలో చదివిన ప్రసంగము)



అంబాసిడరు కార్ల తయారీ 2014లో ఆగిపోయినది. అయినను తండ్రిగారు నడిపిన బండిని విడువలేక బాగుచేయించుకొనువారు నేటికిని కలరు. అట్టివారికి తరచుగా లభించు సలహా, పెద్ద కార్బ్యురేటరు వేయించుడనియే. చెన్నపట్టణమున పుదుపేట అంగళ్లలో పెద్దవియు దొరకును, చిన్నవియు దొరకును. ఏది కొనవలెనో చెప్పవలసినది అంగడివాడు కాదు, యంత్రము. దానిచేత చెప్పించు లెక్కను మనవి చేసెదము.

అంబాసిడరులో చాలకాలము 1489 ఘన సెంటీమీటర్ల యంత్రము ఉండెడిది. నాలుగు స్ట్రోకుల యంత్రము రెండు చుట్లకు ఒక్కమారే తన నిండు పరిమాణమంత గాలిని పీల్చును. నిమిషమునకు 5000 చుట్లు తిరిగినచో 2500 మారులు. అనగా సుమారు 3720 లీటర్లు. సిలిండర్లు పూర్తిగా నిండవు. నూటికి 80 వంతులు నిండునని తలచినచో సెకనుకు 50 లీటర్లు.

ఈ గాలి కార్బ్యురేటరులోని సన్నని కంఠము గుండ పోవలెను. దానిని వెంచురి యందురు; అది ఒక ఇటలీ శాస్త్రజ్ఞుని పేరు. సన్నని చోట గాలి వేగము పెరుగును, ఒత్తిడి తగ్గును. ఆ తగ్గుదలయే జెట్టునుండి పెట్రోలును లాగి తుంపరగా విరుచును.

కంఠము 25 మిల్లీమీటర్లైనచో 5000 చుట్లవద్ద గాలివేగము సెకనుకు దాదాపు 100 మీటర్లు; 1000 చుట్లవద్ద 20 మీటర్లు. దానికి బదులు 38 మిల్లీమీటర్ల కంఠము పెట్టి చూడుడు. 1000 చుట్లవద్ద వేగము 9 మీటర్లకు దిగును. ఒత్తిడి తగ్గుదల వేగము యొక్క వర్గమును అనుసరించును గనుక, లాగుడు అయిదవ వంతునకు పడిపోవును! పెట్రోలు తుంపరగాక బొట్లుగా పోవును. పెడలు నొక్కగానే బండి తడబడును. దీనికి మందుగా కొందరు జెట్టును కూడ పెద్దది చేయుదురు. అప్పుడు కాలని పెట్రోలు సిలిండరు గోడలమీది నూనెను కడిగివేయును; రింగులు అరుగును. పోవునది పెట్రోలు డబ్బు ఒక్కటే కాదు.

కంఠము మరీ చిన్నదైనచో అధిక వేగమున యంత్రమునకు ఊపిరాడదు. ఊరిలో తిరుగు బండికి ఆ లోటు అరుదుగా తెలియును. కావున సంశయము కలిగినపుడు మేము చిన్నదాని పక్షమే.

మరియొక జాగ్రత్త. సోలెక్సు, వెబరు రకములపై 32 వంటి అంకె యుండును. అది సాధారణముగా త్రోటిలు బిళ్ళ తిరుగు గొట్టపు వ్యాసము. కంఠము అంతకన్న సన్నము. అంగడిలో రెండును కొలిపించి కొనవలెను. ఎస్.యు. రకములో మాత్రము గాలి అవసరమును బట్టి పిస్టను లేచి దిగుచు కంఠమును తానే సరిచేయును. అందుచే పరిమాణము కొంచెము ఎక్కువైనను అది ఓర్చుకొనును.

బిగించిన పిమ్మట కొన్ని కిలోమీటర్లు నడిపి, యంత్రము చల్లారినాక స్పార్కు ప్లగ్గు విప్పి చూడుడు. లేత గోధుమరంగున్నచో మిశ్రమము సరిగానున్నది. నల్లని మసి పట్టినచో పెట్రోలు ఎక్కువ, తెల్లగా పాలిపోయినచో తక్కువ. అప్పుడు జెట్టు మార్చి మరల నడిపి చూడవలెను.