జూరాల ఇచ్చేదెంత, మోటర్లు తాగేదెంత?

కృష్ణకు వరదొస్తే చాలు, మన ఫోన్ల నిండా జూరాల గేట్ల వీడియోలే. ఆ నీళ్ల వెనకాల ఒక కరెంటు లెక్క ఉంది. ఈరోజు అదే చూద్దాం. భయపడకండి, నాలుగైదు అంకెలే.

గద్వాల దగ్గర ఎగువ జూరాల జలవిద్యుత్ కేంద్రంలో 39 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. మొత్తం 234. కింద వనపర్తి జిల్లా ఆత్మకూరు వైపు దిగువ జూరాలలో 40 మెగావాట్లవి 6. అంటే 240. రెండూ కలిపితే 474 మెగావాట్లు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్ జిల్లాకు పోదాం. శ్రీశైలం వెనుక జలాలను కల్వకుర్తి ఎత్తిపోతల పథకం కొల్లాపూర్ దగ్గరి ఎల్లూరులో ఎత్తుకుంటుంది. అక్కడ్నుంచి జొన్నలబొగుడ, ఆ తర్వాత గుడిపల్లిగట్టు. డిజైన్ ప్రకారం ఒక్కోచోట 30 మెగావాట్ల మోటర్లు 5. మూడు చోట్లా కలిపి 450 మెగావాట్లు.

చూశారా? జూరాల రెండు కేంద్రాలూ ఫుల్లుగా తిరిగితే వచ్చే కరెంటు, ఈ ఒక్క పథకానికే దాదాపు సరి! జూరాల బాగా తిరిగేదేమో వరద ఉన్నన్ని రోజులే. నెట్టెంపాడు, భీమా మోటర్లు వేరే ఉన్నాయి. 2023 సెప్టెంబర్ 16న నార్లాపూర్‌లో మొదలుపెట్టిన పాలమూరు-రంగారెడ్డి పంపు ఒక్కటే 145 మెగావాట్లు.

ఇంకో లెక్క. ఒక టీఎంసీ నీళ్లను 100 మీటర్లు పైకి ఎత్తాలంటే, నష్టాలేవీ కలపకుండానే, 77 లక్షల యూనిట్లు కావాలి. ఏ ఇంజినీరూ దీన్ని తగ్గించలేడు. బరువు బరువే, ఎత్తు ఎత్తే.

"అంటే లిఫ్టులు వద్దంటవా అన్నా?" అని అడుగుతారు. కానే కాదు. నది కింద, చేను మీద. పాలమూరు వలస బస్సులు చూసినోళ్లకు ఈ నీళ్ల విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. నా ప్రశ్న వేరే: మోటర్లు ఏ టైముకు తిరగాలి?

మధ్యాహ్నం సోలార్ కరెంటు దండిగా ఉంటుంది. పొద్దుగూకితే అది ఉండదు. అదే టైముకు ఇంటింటా లైట్లు, ఫ్యాన్లు, ఏసీలు ఆన్ అవుతాయి. అప్పుడు మార్కెట్లో కరెంటు కొనాలంటే రేటు మండిపోతుంది. వరద రోజుల్లో టైము చూసుకోలేం, వచ్చిన నీళ్లను పట్టుకోవాల్సిందే. కానీ వరద తగ్గాక శ్రీశైలం నీళ్లు ఎక్కడికీ పారిపోవు. పగలు ఎత్తి రిజర్వాయర్ నింపుకుంటే, సాయంత్రం మోటర్లు ఆపినా కాలువ పారుతుంది. అప్పుడు చెరువే మన బ్యాటరీ.

ఇది కొత్త ఆలోచనేం కాదు. మన నాగర్‌కర్నూల్ జిల్లాలోనే, శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. అవి కరెంటు తీయగలవు, తిరగేస్తే నీళ్లను మళ్లీ పైకి తోడగలవు కూడా.

మన బోర్లదీ ఇదే కథ. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు. రైతు బిల్లు కట్టడు గానీ, ఆ ఖర్చు ప్రభుత్వ ఖజానా మీద, డిస్కమ్ మీద పడుతుంది. ఆటో స్టార్టర్ పెట్టి పడుకుంటే అర్ధరాత్రి కూడా మోటర్ పోస్తూనే ఉంటుంది. పోయేది కరెంటొక్కటే కాదు, భూమిలోని నీళ్లు కూడా.

మరి మనమేం చేయాలి? ఏ లిఫ్టు ఏ నెలలో ఎన్ని యూనిట్లు వాడింది, ఏ గంటల్లో వాడింది, ఎన్ని ఎకరాలు తడిసినయి? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. కరెంటు చార్జీలు ఖరారు చేసేముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడ మాట్లాడ్డానికి పెద్ద చదువులు అక్కర్లేదు, మీ ఊరి లెక్క చేతిలో ఉంటే చాలు.

ఈసారి జూరాల గేట్ల వీడియో స్టేటస్ పెట్టేటప్పుడు కింద ఈ ఒక్క ప్రశ్న కూడా రాయండి: "మన లిఫ్టు మోటర్ పగలు తిరుగుతుందా, రాత్రి తిరుగుతుందా?" జవాబు తెలిస్తే నాకూ పంపండి. ఉంటా మరి!