సులభమైన దారి, అరుదైన ఆధారము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



భూపాలపల్లి జిల్లా రేగొండ ప్రాంతమున నున్న పాండవుల గుట్టల పేరు విననివారు ఈ సభలో నుండరు. ఇసుకరాతి గోడలు, వాని నడుమ ఇరుకు సందులు, గుహలు; ఆ గుహలలో ఆదిమ మానవుడు ఎఱుపు, ఆకుపచ్చ మొదలగు రంగులతో వ్రాసిన బొమ్మలు. ఈ చిత్రములు 1990లో వెలుగునకు వచ్చినవి. ఇటీవలి కాలమున ఈ గుట్టలపై యువకులు త్రాళ్ళు కట్టుకొని శిలారోహణము గావించుచున్నారు. చూచి వచ్చిన పిల్లలు తమ ఊరి గుట్టపై త్రాడు లేకయే ఆ పనికి పూనుకొందురు. “ఈ రాయి తేలికే, మెట్లవలె నున్నది” అందురు. ఆ మాటను గూర్చియే నేటి ప్రసంగము.

శిలారోహణమున కష్టము వేఱు, అపాయము వేఱు. పట్టులు పెద్దవై, కాలు నిలుచు అంచులు పుష్కలముగ నున్న దారి సులభమే. కాని ముందు ఎక్కువాడు తన రక్షణను తానే అమర్చుకొనవలెను. రాతి చీలికలో చిన్న లోహపు దిమ్మ నిఱికించి, దానికి కొక్కెము తగిలించి, అందుగుండ త్రాటిని పోనిచ్చును. క్రిందనున్న తోడు ఆ త్రాటిని పట్టియుండును. చీలిక లేనిచోట దిమ్మ లేదు. త్రాడున్నను ఆధారము లేదు.

లెక్క చూడుడు. నేలనుండి 12 అడుగుల యెత్తున ఒక దిమ్మ అమరినది. అటుపైన 15 అడుగుల వఱకు చీలిక దొరకలేదు. ఆరోహకుడు 27 అడుగుల యెత్తున నున్నాడు. అచట కాలు జారినచో దిమ్మవఱకు 15, దిమ్మకు దిగువ మఱి 15, వెరసి 30 అడుగులు పడినగాని త్రాడు బిగియదు. ఉన్నది 27! త్రాటి సాగుదల ఈ పద్దులో చేర్చనేలేదు. పైగా నిట్టనిలువు గోడనుండి జారినవాడు గాలిలో పడును. మెట్లవంటి రాతిపై జారినవాడు ప్రతి అంచునకు కొట్టుకొనుచు పడును.

జోర్డాను ఎడారిలోని వాదీ రమ్ కొండలును ఇసుకరాతివే. అచటి బెదూయిన్ వేటగాండ్రు కొండమేకలకై తరతరములుగ ఆ శిఖరము లెక్కిరి. 1984 మొదలు టోనీ హోవర్డ్ మున్నగు ఆంగ్ల ఆరోహకులు పోయి ఆ దారులను గ్రంథస్థము గావించిరి. వానిలో కొన్ని సులభములే గాని ఆధారము దవ్వుదవ్వుల దొరకును. చూచినవారికి తేలికగ దోచును. ఆ వేటగాండ్రు పసితనమునుండి ఆ రాళ్ళపైనే తిరిగినవారు.

ఇసుకరాయి తడిసినచో బలము తగ్గును. వాన వెలిసి పైపొర ఆఱినను లోపల చెమ్మ నిలుచును. పట్టు చేతిలోనికే ఊడి వచ్చును. మేకులు కొట్టి దారినంతయు భద్రము చేయరాదా యందురేమో, బొమ్మలున్న గోడలపై ఆ మాటయే తలపరాదు.

మహాప్రస్థానిక పర్వమున అర్జునుడు పడినపుడు, శత్రువుల నొక్కదినముననే దహింతునన్న గర్వమే కారణమని ధర్మజుడు చెప్పెను. పాండవుల పేరిటి గుట్ట నెక్కువారు ఆ పర్వము నొకసారి చదువుట మేలు.

జనగామ, మహబూబాబాదు ప్రాంతముల గీతకార్మికులకు ఇది క్రొత్త సంగతి కాదు. నిత్యము ఎక్కిన తాటిచెట్టే; అయినను పడి నడుము విఱిగినవారు ఎన్ని యూళ్ళలో లేరు? మోకు, ముత్తాదు ఎక్కుటకు తోడ్పడునే గాని జారినవానిని ఎల్లవేళల నిలుపజాలవు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వము కాటమయ్య రక్షణ కవచమను పేర, కాలు జారినను మనిషి చెట్టునకే వ్రేలాడునట్టి సాధనములను పంచనారంభించినది. గుట్ట లెక్కగోరు పిల్లలు మొదట ఆ పట్టీలు కట్టు విధమును తమ ఊరి గీతకార్మికునివద్ద చూచి, ముడి వేయుట నేర్చి, పిమ్మట శిక్షకుని వెంట పాండవుల గుట్టకు పోవలెను.