అన్నగారి ఆడపడుచులు, ధర్మం కాపాడే తల్లులు

(హిమాయత్‌నగర్‌లో జరిగిన ఒక మహిళా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జనాకర్షక పార్టీలకూ సంప్రదాయ మితవాద పార్టీలకూ విలువల్లో ఏమిటి తేడా అన్నది నాకిచ్చిన అంశం. మనం కూర్చున్న ఈ పేటతోనే మొదలుపెడతాను. 2009 ఎన్నికల నాటికి లేకుండా పోయింది గానీ, అంతకు ముందు హిమాయత్‌నగర్ పేరుతో ఒక శాసనసభ నియోజకవర్గం ఉండేది. 1994లోనూ 1999లోనూ అది తెలుగుదేశం అభ్యర్థి కృష్ణయాదవ్‌ను గెలిపించింది. 2004లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి కిషన్ రెడ్డిని గెలిపించింది. మొదటిసారి తెలుగుదేశానికి తోడున్నది వామపక్షాలు. తర్వాత రెండుసార్లూ తోడున్నది బీజేపీ. పదేళ్లలో ఈ వీధుల్లో ఓటర్ల విలువలు అంతగా తలకిందులయ్యాయా? నాకలా అనిపించదు. ఈ రెండు రకాల పార్టీల మధ్య గోడ మనం అనుకున్నంత మందం కాదు, ముఖ్యంగా గడప లోపలి సంగతుల్లో. అలాగని తేడా లేదనీ అనను. ఉంది. అది స్త్రీలకు పనికొచ్చే తేడా.

సంప్రదాయ మితవాదం మన దగ్గర రెండు పాయలుగా వచ్చింది. ఒకటి ఆస్తి పాయ. సహకార వ్యవసాయం గురించి కాంగ్రెస్ నాగపూర్‌లో చేసిన తీర్మానాన్ని వ్యతిరేకిస్తూ 1959లో రాజాజీ, ఆచార్య రంగా ప్రభృతులు స్వతంత్ర పార్టీ పెట్టారు. రైతు భూమి రైతుకే ఉండాలన్నారు. మంచిదే. కానీ ఆ రైతు కుటుంబంలో పట్టా ఎవరి పేరున ఉండాలన్నది దాని వివాదం కాలేదు. ఆ పార్టీ ఎంతో కాలం నిలవలేదు. రెండోది ధర్మం పాయ. 1951లో పుట్టిన జనసంఘ్ నుంచి 1980లో పుట్టిన బీజేపీ వరకు వచ్చిన పాయ అది. జనసంఘ్ స్థాపకుడు శ్యామాప్రసాద్ ముఖర్జీ హిందూ కోడ్ బిల్లును వ్యతిరేకించారు. ఆ మాటకొస్తే అధ్యక్షుడు రాజేంద్రప్రసాద్‌కూ అది నచ్చలేదు. ఛాందసం ఒక్క పార్టీ సొత్తు కాదు. కూతురికి వాటా ఇస్తే కుటుంబం ముక్కలవుతుందన్నది అప్పటి ప్రధాన అభ్యంతరం. కుటుంబం అంటే అన్నదమ్ములన్నమాట.

ఈ పాయలో స్త్రీకి చోటే లేదనుకుంటే పొరపాటు. 1936లో వార్ధాలో మొదలైన రాష్ట్ర సేవికా సమితి జిజాబాయిని మాతృత్వానికీ, అహల్యాబాయిని కర్తృత్వానికీ, ఝాన్సీ లక్ష్మీబాయిని నాయకత్వానికీ ఆదర్శంగా చెబుతుంది. వీధిలోకి రమ్మంటుంది, కత్తి పట్టమంటుంది. అయితే జాతి కోసం, ధర్మం కోసం. తన కోసం, తన ఇంట్లో, మొగుడి దెబ్బ మీద కాదు. మనం ఈ పాయను ఎదుర్కోవడంలో ఇన్నాళ్లూ తడబడింది ఇక్కడే. అది స్త్రీలను ఇంట్లో బంధిస్తుందని విమర్శిస్తూ ఉంటే, వాళ్ల ఊరేగింపుల్లో స్త్రీలు వేలమంది కనిపించేవారు.

ఇక జనాకర్షక పార్టీ. 1982 మార్చిలో ఎన్టీ రామారావు తెలుగుదేశం ప్రకటించారు. తొమ్మిది నెలలకు అధికారంలోకి వచ్చారు. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. తిరుపతిలో మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. 1984లో ప్రభుత్వోద్యోగాల్లో స్త్రీలకు ముప్పై శాతం కేటాయింపు వచ్చింది. ఆయన సంబోధన 'ఆడపడుచులారా' అని. ఈ ఒక్క మాటలో ఆ రాజకీయమంతా ఉంది. ఆడపడుచుకు పుట్టింటివారు చీరె పెడతారు, సారె పెడతారు. పెట్టడం అన్న దయ. పెట్టనప్పుడు అడిగితే నోరున్న ఆడపడుచు అంటారు. 1996లో ఆ పార్టీ ప్రభుత్వమే బియ్యం ధరను మూడున్నర రూపాయలు చేసింది. పుట్టింటివారు తగ్గించారు, అంతే. నిలదీయడానికి చేతిలో చట్టం లేదు.

మద్యనిషేధం కథ ఇంకా స్పష్టంగా ఉంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మా, ఆమెతో పాటు అక్షరాస్యత తరగతులకు వెళ్లిన స్త్రీలూ సారా దుకాణం మూయించారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి కాంగ్రెస్ ప్రభుత్వం సారాను నిషేధించింది. 1994లో రామారావు సంపూర్ణ నిషేధం వాగ్దానం చేసి, ప్రమాణ స్వీకారం రోజునే ఫైలు మీద సంతకం పెట్టారు. స్త్రీలు దెబ్బలు తిని సాధించుకున్నది అన్నగారి కానుక అయింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. ఖజానా కారణం చెప్పారు.

ఆడపడుచుకు కానుకే గాని పెత్తనం ఉండదనేది 1995 ఆగస్టులో తేలింది. పార్టీ చీలినప్పుడు లక్ష్మీపార్వతి జోక్యమే కారణమన్నారు. ఆమె రాజకీయాలను నేను సమర్థించడం లేదు. కానీ అధికారం అల్లుడి చేతికి వెళ్లడం రాజకీయం అనిపించుకుంది, భార్య దగ్గరికి వెళ్లడం అనర్థం అనిపించుకుంది. ఆ రోజుల్లో ఆమె మీద నడిచిన వెకిలి మాటలు మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. ఆ భాష ఏ సనాతనవాదిదీ కాదు, ప్రగతి మాట్లాడేవాళ్లది.

మరి పనికొచ్చే తేడా ఏది? 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా ఈ రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించారు. కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా హక్కు వచ్చింది. అప్పటికే పెళ్లయినవారికి మాత్రం లేదు. అత్తింటికి వెళ్లిన పిల్ల పరాయిదన్న భావం చట్టంలో కూడా దూరింది. అయినా ఇది బియ్యం ధరలాగా మర్నాడు వెనక్కి పోలేదు. 2005లో కేంద్ర చట్టమే ఆ దారి పట్టి, పెళ్లయిన కూతుళ్లను కూడా కలుపుకుంది. జనాకర్షక పార్టీకి ఓట్లు కావాలి, అందుచేత దాన్ని ఒత్తిడి చెయ్యవచ్చు, బేరమాడవచ్చు, ఒక్కోసారి దాని కానుకను హక్కుగా మార్చుకోవచ్చు. ధర్మంతో బేరం కుదరదు. ధర్మం మనని పూజిస్తుంది, వినదు.

ఇటీవల ఈ తేడా కూడా చెరిగిపోతోంది. 2016లో బీజేపీ ప్రభుత్వం ఉజ్వల పేరుతో గ్యాస్ కనెక్షన్లు ఇచ్చింది. 2023లో మధ్యప్రదేశ్‌లో 'లాడ్లీ బెహనా' పేరుతో స్త్రీల ఖాతాల్లో డబ్బు వేసింది. చూడండి, అక్కడా చెల్లెలే. తెలంగాణలో 2014లో కల్యాణలక్ష్మి వచ్చింది, పిల్ల పెళ్లికి మేనమామ కట్నం చదివించినట్టు. 2023 డిసెంబరులో తెలంగాణలో కాంగ్రెస్ ప్రభుత్వం, 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో కూటమి ప్రభుత్వం ఉచిత బస్సు ప్రయాణం ఇచ్చాయి. బస్సు పథకాన్ని నేను తక్కువ చెయ్యను. ఎవరి అనుమతీ అడగకుండా, ఎవరి దగ్గరా చిల్లర అడగకుండా గడప దాటడం చిన్న సంగతి కాదు. 'పని లేక తిరుగుతున్నారు' అన్న ఎగతాళి అందుకే మొదలైంది.

పెళ్లికి లక్ష రూపాయలివ్వడానికి పార్టీలన్నీ ఒప్పుకుంటాయి. వాటా దగ్గరికి వచ్చేసరికి మాట మారుతుంది. తండ్రి బతికి ఉన్నా లేకున్నా కూతురి హక్కు పుట్టుకతోనే వస్తుందని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో చెప్పింది. అయినా పసుపు కుంకుమల పేరు చెప్పి, హక్కు విడుదల పత్రం మీద అక్కచెల్లెళ్ల చేత సంతకాలు పెట్టించుకునే అన్నదమ్ములు అన్ని పార్టీల్లోనూ ఉన్నారు. ఆ కాగితం గురించి ఒక్క ముక్క ఏ ఎన్నికల ప్రణాళికలోనూ నా కంట పడలేదు. మీలో ఎందరు అలాంటి సంతకం పెట్టారో నాకు తెలియదు. చర్చ అక్కడి నుంచి మొదలుపెడదాం.