గర్భసంచిలో గడ్డ ఎందుకొస్తుంది?



గర్భసంచిలో గడ్డ అనగానే "ఏ పాపం చేసిందో" అంటారు. పాపమూ కాదు, చేతబడీ కాదు. గర్భసంచి గోడలో కండ ఉంటుంది. ఆ కండే ఒకచోట ముద్దగా పెరుగుతుంది. ఎందుకు మొదలవుతుందో డాక్టర్లకూ పూర్తిగా తెలియదు. నెలసరిని నడిపే హార్మోన్లు దాన్ని పెంచుతాయి. అందుకే 30 ఏళ్ళు దాటాక ఎక్కువగా కనిపిస్తుంది. ముట్లు ఆగిపోయాక చాలామందికి చిన్నదవుతుంది.

తల్లికో అక్కకో ఉన్నా, చిన్నవయసులో పెద్దమనిషి అయినా, ఒళ్ళు బాగా పెరిగినా వచ్చే అవకాశం ఎక్కువ. కాన్పు కానివాళ్ళకూ అంతే. అలాగని వాళ్ళను ఆడిపోసుకోవద్దు సుమా! పిల్లల తల్లులకూ వస్తుంది.

ఈ గడ్డ కేన్సర్ కావడం చాలా అరుదు. బాధ లేకపోతే ఊరికే సంచి తీయించుకోనక్కరలేదు. తొందరపెడితే ఇంకో డాక్టరుకు చూపించాలి. ముట్టు విపరీతంగా అవుతూ, ఆయాసం వస్తుంటే మాత్రం ఆగకూడదు. ఒంట్లో రక్తం తగ్గిపోతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.