ట్రాక్టరు నల్లపొగ - కానుగ నూనె

(అయిజలో పంచాయతీ సభ్యుల సమావేశమున సమాచార శాఖాధికారి చేసిన ప్రసంగ పాఠము)

 

బరువైన దుక్కి దున్నునపుడు ట్రాక్టరు గొట్టము నుండి వెలువడు నల్లపొగను మీరందరును చూచియే యున్నారు. ఆ నలుపు మసి. లాంతరు వత్తి మిక్కిలి పెంచినచో చిమ్నీకి పట్టు మసి వంటిదే అది. ఇంజనులో డీజిల్ సన్నని తుంపరగా మండును. ఆ మంటలో గాలి చాలనిచోట డీజిల్ పూర్తిగా కాలక బొగ్గు రేణువులుగా మారును. కొన్ని అక్కడనే కాలిపోవును. మిగిలినవి బయటికి వచ్చి మన ఊపిరితిత్తుల లోతులకు చేరును. డీజిల్ పొగ మనుష్యులకు కాన్సరు కలిగించునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. ఆ పొగను రోజంతయు పీల్చువాడు మన ట్రాక్టరు డ్రైవరే.

బయోడీజిల్‌తో ఈ మసి తగ్గును. ఏలయన, దాని బరువులో నూటికి సుమారు 11 పాళ్లు ఆమ్లజనియే. గాలి చాలనిచోట అది తోడ్పడును. మసికి మూలమగు ఆరోమాటిక్ పదార్థములు పెట్రోలియం డీజిల్‌లో కలవు, బయోడీజిల్‌లో లేవు. అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థ 2002లో పెక్కు ఇంజను పరీక్షలను పరిశీలించినది. డీజిల్‌లో నూటికి 20 పాళ్లు బయోడీజిల్ కలిపిన పొగలోని రేణువులు సుమారు 10 శాతమును, పూర్తిగా బయోడీజిల్ వాడిన దాదాపు సగమును తగ్గినవి. నత్రజని ఆక్సైడులు మాత్రము కొంత పెరిగినవి.

ఇక ఒక హెచ్చరిక. గానుగాడించిన పచ్చి నూనె బయోడీజిల్ కాదు. 1900లో పారిస్ ప్రదర్శనమున వేరుశనగ నూనెతో డీజిల్ ఇంజను నడిపి చూపిన మాట నిజమే. కాని పచ్చి నూనె చిక్కనిది, తుంపర సరిగా పడదు, నాజిలు పూడును, మసి తగ్గుటకు బదులు హెచ్చును. మిథనాలు, కాస్టిక్ సోడాలతో చర్య జరిపి గ్లిసరిను వేరుచేసిన పిమ్మటనే అది బయోడీజిల్ అగును. మిథనాలు విషము, వెంటనే అంటుకొనునది. ఇది ఇండ్లలో చేయదగిన పని కాదు.

ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలోని పవర్‌గూడ స్త్రీల సంఘములు కానుగ నూనెను ఆదాయ మార్గము చేసికొన్నవి. డీజిల్‌కు బదులు ఆ నూనె వాడుటవలన తగ్గు 147 టన్నుల బొగ్గుపులుసు వాయువునకు ప్రపంచ బ్యాంకు 2003లో వారికి 645 డాలర్లు చెల్లించినది.

మన గ్రామములలోను బంజరులందు, బాటల ప్రక్కలను కానుగ నాటవచ్చును. అది ఫలించుటకు ఏండ్లు పట్టును. అంతవరకు గాలి ఫిల్టరును శుభ్రపరచుట, ఇంజనుపై మితిమించిన భారము మోపకుండుట, నూర్పిళ్లవద్ద పిల్లలను పొగకు దూరముగా నుంచుట మన చేతిలోని పనులు. వీనిని రాబోవు పంచాయతీ సమావేశమున చర్చింప కోరుచున్నాను.