మూడు తలుపుల కథ

రోదసి మ్యూజియంలో అడుగుపెడితే అందరి చూపూ నౌక మీదికే పోతుంది. ఈ సాయంత్రం నేను మాత్రం తలుపుల గురించే మాట్లాడతాను.

1961 జూలై 21న అమెరికా వ్యోమగామి గస్ గ్రిసమ్ లిబర్టీ బెల్ 7లో పావుగంట ప్రయాణం ముగించి అట్లాంటిక్‌లో దిగాడు. హెలికాప్టర్ కోసం ఎదురుచూస్తుండగా తలుపు ఉన్నట్టుండి పేలి ఊడిపోయింది. ఆపదలో మీట నొక్కగానే ఎగిరిపోయేలా దాన్ని 70 పేలుడు బోల్టులతో బిగించారు. గ్రిసమ్ ఈది బయటపడ్డాడు, నౌక మునిగిపోయింది. కంగారులో తనే మీట నొక్కి ఉంటాడని చాలామంది అనుమానించారు. మరుసటి ఏడాది వాలీ షిరా తన నౌక తలుపును కావాలనే పేల్చినప్పుడు, మీట ఎదురుదెబ్బకు చెయ్యి కమిలింది. గ్రిసమ్ చేతి మీద అలాంటి గుర్తే లేదు. తను మీట నొక్కలేదన్న గ్రిసమ్ మాటే నేను నమ్ముతాను.

1999లో ఆ నౌకను దాదాపు 5 కిలోమీటర్ల లోతు నుంచి పైకి తీశారు. కాన్సాస్‌లోని కాస్మోస్ఫియర్ మ్యూజియం నిపుణులు భాగాలన్నీ విడదీసి శుభ్రం చేస్తుంటే, గ్రిసమ్ జ్ఞాపకంగా పంచుదామని తీసుకెళ్ళిన పది సెంట్ల నాణేలు బయటపడ్డాయి. తలుపు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

రెండో తలుపు గురించి చెప్పడం నాకు కష్టమే. అపోలో నౌకకు పేలుడు బోల్టులు పెట్టలేదు. దాని తలుపుకు మూడు పొరలు; అన్నిటికన్నా లోపలిది లోపలికే తెరుచుకుంటుంది. గాలి ఒత్తిడే దాన్ని గట్టిగా అదిమిపెడుతుంది. రోదసిలో అదే రక్షణ. 1967 జనవరి 27న, నేల మీదే జరిగిన పరీక్షలో, స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన అపోలో 1లో మంటలు లేచాయి. లోపల ఒత్తిడి ఒక్కసారిగా పెరిగి, ఆ తలుపును ఎవరూ లాగలేనంతగా బిగించేసింది. గ్రిసమ్, ఎడ్ వైట్, రోజర్ చాఫీ ముగ్గురూ లోపలే చనిపోయారు. అవును, అదే గ్రిసమ్.

ఇక మూడో తలుపు. ఆ ప్రమాదం తర్వాత అపోలో తలుపును మొదటి నుంచీ మళ్ళీ రూపొందించారు. లోపలి, బయటి తలుపులను కలిపి ఒకటే చేశారు. బయటికి తెరుచుకుంటుంది. పిడి ఆడిస్తే చుట్టూ ఉన్న గడియలన్నీ ఒకేసారి విడిపోతాయి. కొద్ది సెకన్లు చాలు. అపోలో నౌకల్లో చంద్రుడి దాకా వెళ్ళినవాళ్ళందరూ ఈ తలుపుతోనే వెళ్ళారు.

అపోలో 1 తలుపును యాభై ఏళ్ళపాటు గోదాములోనే ఉంచారు. అది చూపించవలసిన వస్తువు కాదని అనుకున్నవాళ్ళూ ఉన్నారు. 2017లో, చనిపోయిన ముగ్గురి కుటుంబాల సమ్మతితో, ఫ్లోరిడాలోని కెనెడీ అంతరిక్ష కేంద్రం సందర్శకుల ప్రాంగణంలో దాని మూడు పొరలనూ ప్రదర్శనకు పెట్టారు, మార్చి చేసిన తలుపు పక్కనే. ఆ పని చేసినవారికి నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను.