లివోర్నో కత్తివీరుడు

ఫెన్సింగ్‌లో వాడే మూడు రకాల కత్తుల్లో సేబర్‌ది మెరుపు వేగం. మొనతో పొడవచ్చు, అంచుతో కొట్టవచ్చు. దెబ్బ మాత్రం నడుముకు పైనే తగలాలి.

ఇటలీలోని రేవు పట్టణం లివోర్నోలో మోంతానోల ఇంట మూడు తరాలుగా ఇదే విద్య. తాత 1936, 1948 ఒలింపిక్స్‌లో జట్టు రజతాలు తెచ్చారు. తండ్రి 1972లో జట్టు స్వర్ణం గెలిచారు. తాత పేరే పెట్టుకున్న మనవడు ఆల్దో మోంతానో 2004లో, ఏథెన్స్‌ వ్యక్తిగత ఫైనల్లో హంగేరీ ఆటగాడు నెమ్‌చిక్‌ను 15-14తో ఓడించాడు. ఒక్క పాయింటు! సేబర్‌లో ఇటలీకి వ్యక్తిగత స్వర్ణం దక్కడం 1920 తర్వాత అదే. ఆనాటి విజేత నేదో నాది కూడా లివోర్నో వాడే.

ఇక టీవీ వాళ్లు అతణ్ణి వదల్లేదు. ప్రేమ కబుర్లు పత్రికలకెక్కాయి. మన బిగ్ బాస్ లాంటి షోలోకీ వెళ్లాడు. అలాగని ఆట పక్కన పడిందనుకోకండి. 2011లో ప్రపంచ విజేత అయ్యాడు. టోక్యోలో 42 ఏళ్ల వయసులో జట్టు రజతంతో అయిదో ఒలింపిక్ పతకం అందుకున్నాడు.

అదే టోక్యోలో, ఒలింపిక్ ఫెన్సింగ్‌లో మన దేశం తరఫున తొలిసారి బరిలో దిగిన భవానీదేవి ఆయుధమూ సేబరే. ఆమె సాధన చేసిందీ లివోర్నోలోనే.